మీ క్లెరిక్ ఎవరికి బాకీ?

ప్రశ్న: మేం ఆరుగురం బెంగళూరులో వేర్వేరు ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ళం. ఆదివారం మధ్యాహ్నాలు మారతహళ్ళిలో మా ఇంట్లో రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడుకుంటాం, అంటే ఒక్కొక్కరం ఒక పాత్ర అయి, పాచికలు వేస్తూ ఒక కథ నడుపుతాం. ఆట నడిపేది నేను. కొత్త క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే ఒకే కథ) కోసం సొంతంగా ఒక ప్రపంచం తయారు చేశాను. పద్నాలుగు మంది దేవతలు, ఒక్కొక్కరికీ గుర్తు, రంగు, ఆయుధం, అధికారం అన్నీ రాసిపెట్టాను. మూడు నెలలైనా ఆటగాళ్ళకు ఇద్దరి పేర్లు కూడా గుర్తు లేవు. క్లెరిక్ పాత్ర, అంటే దేవత ఇచ్చే శక్తితో మంత్రాలు వేసే పూజారి పాత్ర, ఆడే స్నేహితుడు గాయాలు మాన్పడం తప్ప ఇంకేమీ చేయడం లేదు. 'నేను మీ మందుల పెట్టెను' అన్నాడు మొన్న. మన గుళ్ళ నుంచి, జాతరల నుంచి ఏమైనా తీసుకుందామంటే, మాలో భక్తి ఎక్కువగా ఉన్న ఒక స్నేహితురాలు నొచ్చుకుంటుందేమోనని భయం. ఇంకొకటి: దేవతలు నిజంగా ఉన్నట్టు చూపాలా, సందేహంగా వదిలేయాలా? - ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ 'మందుల పెట్టె' అన్న మాట దగ్గరే నిలిచిపోయాను. మీ స్నేహితుడు అలిగి అన్న మాట కాదది. అతని పాత్ర ఒక దేవత దగ్గర శక్తి తీసుకుంటోంది, కానీ ఆ దేవత అతణ్ణి ఏమీ అడగడం లేదు. రాత్రి పడుకుని లేస్తే పొద్దున్నకు ఫోను చార్జ్ అయినట్టు శక్తి నిండుతుంది. అడగని దేవత పేరు ఎవరికి గుర్తుంటుంది?

ఈ చిక్కు మీ ఒక్కరిది కాదు. ఆటతో పాటే పుట్టింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ తెచ్చినప్పుడు అందులో క్లెరిక్ ఉన్నాడు. అతని పుట్టుకకు మూలం ఆర్నెసన్ ఆట నడిపిన బల్ల దగ్గర వచ్చిన ఒక ఇబ్బంది. రక్తపిశాచి పాత్ర ఒకటి మరీ బలపడిపోతే, దానికి ఎదురు నిలబడటానికి ఒక పూజారిని పుట్టించారు. అంటే ముందు వచ్చింది పని. మతం తర్వాత అతికించినది. అయినా ఆ తొలి నియమాల్లో నాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటుంది: మొదటి లెవెల్ (మెట్టు) క్లెరిక్‌కు స్పెల్‌లే, అంటే మంత్రాలే, ఉండేవి కావు. రెండో లెవెల్‌కు వస్తేనే మొదటి స్పెల్ దక్కేది. అడగగానే ఇవ్వని దైవం అది. తర్వాత వచ్చిన కూర్పులు ఆ నిరీక్షణను తీసేశాయి. ఆట వేగం పెరిగింది, దేవుడు మాత్రం వెనక్కి జరిగాడు.

ఇక మీ పద్నాలుగు మంది దేవతలు. నిప్పుకు ఒకరు, నీటికి ఒకరు, యుద్ధానికి ఒకరు, వ్యాపారానికి ఒకరు. శాఖలు పంచి మంత్రివర్గం ఏర్పాటు చేశారు. మన ఊళ్ళలో పోలేరమ్మ ఏ శాఖ చూస్తుందని ఎవరైనా అడుగుతారా? మశూచి వస్తే ఆమె, పొలిమేర దాటి కీడు వస్తే ఆమె, వాన రాకపోయినా ఆమె. ఊరికి ఏది భయమో దాని ఎదుట ఆమెను నిలబెట్టుకున్నారు. దేవతను భయం దగ్గర వెతకండి, పట్టిక దగ్గర కాదు.

మీరున్న ఊరిలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. ఇరుకు పేటల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ దెబ్బతోనే మల్లేశ్వరం, బసవనగుడి లాంటి విశాలమైన బస్తీలు వెలిశాయి. వాటితో పాటు ప్లేగు అమ్మకు గుళ్ళు కూడా వెలిశాయి. రోగం పేరే అమ్మవారి పేరు. ఇప్పుడు ప్లేగు లేదు, అమ్మ ఉంది. ఆమె ముందు దీపం పెట్టేవాళ్ళు పిల్లల జ్వరం గురించో ఉద్యోగం గురించో అడుగుతారు. ఒక దేవత వయసు ఎంతో, ఆమె ఎలా మారిందో ఈ ఒక్క సంగతిలో కనిపిస్తుంది. మీ పద్నాలుగు పేజీల్లో లేనిది ఇదే. మీ దేవతలకు నిన్న లేదు.

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహాకాళి గుడి కథ కూడా మీకు తెలిసే ఉంటుంది. 1813లో కలరా విజృంభించినప్పుడు, సైనిక దళంతో పాటు ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య, రోగం తగ్గితే నిన్ను మా ఊళ్ళో నిలుపుకుంటానని అమ్మకు మొక్కుకున్నాడట. 1815లో తిరిగి వచ్చి కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడని చెబుతారు. ఆ గుడిలో ఏటా బోనాల మరుసటి రోజు ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి ఆ ఏడు ఎలా ఉంటుందో చెబుతుంది. దాన్ని రంగం అంటారు. ఒక భయం, ఒక మొక్కు, మొక్కు తీర్చిన ఒక మనిషి, ఏడాదికొకసారి పలికే ఒక నోరు. ఒక మతాన్ని ఆటలో నిలబెట్టడానికి ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదని నా నమ్మకం. ఏడాదికొకసారి పలికే ఆ నోరు, రాబోయే ఆరు నెలల కథను ఆటగాళ్ళ చెవిన వేయడానికి మీకు ఎంత పనికొస్తుందో ఆలోచించండి.

అసలు విషయం మొక్కు. ఆటల పుస్తకాలు ఈ ముక్క దగ్గరికి వచ్చి దాటిపోతుంటాయి. ఒక్క గ్లోరాంతా అనే ఆట ప్రపంచం మాత్రం, గ్రెగ్ స్టాఫర్డ్ అనే ఆటల రచయిత ఊహించినది, 1978 నుంచి ఈ దారిలో నడిచింది. అక్కడ మంత్రం రావాలంటే ఒక దేవత కొలువులో చేరాలి, సంపాదనలో పదో వంతు ఇవ్వాలి, పిలిచినప్పుడు వెళ్ళాలి. మనకు ఇదేమీ కొత్తగా నేర్పనక్కర్లేదు. తిరుమల వెంకన్నను వడ్డికాసులవాడని పిలుచుకునే జాతి మనది. పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, ఈనాటికీ వడ్డీ కడుతున్న దేవుడు! ఆ ఒక్క కథ వల్ల హుండీలో వేసే ప్రతి రూపాయికీ ఒక అర్థం వచ్చింది: భక్తుడు దేవుడి అప్పులో చేయి వేస్తున్నాడు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు బెల్లమే బంగారం. మొక్కుకున్నవాళ్ళు తమ ఎత్తు బెల్లం తూచి ఇస్తారు. మనిషికీ దేవతకూ మధ్య ఏదో ఒకటి అటూ ఇటూ నడుస్తూనే ఉంటుంది. ఆ నడక ఆగిపోయిన చోట మీ క్లెరిక్ మందుల పెట్టె అయ్యాడు.

ఇదెలా ఆటలోకి దించాలో ఒక ఉదాహరణతో చెబుతాను. మీ ప్రపంచంలో పెద్ద చెరువు కింద ఒక ఊరు ఉందనుకోండి. గట్టు తెగితే ఒక్క రాత్రిలో ఊరు తుడిచిపెట్టుకుపోతుంది. తెలంగాణ చెరువు కట్టల మీద కట్టమైసమ్మ ఎందుకుందో తెలిసినవాళ్ళకు ఈ ఊరి దేవత ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మన ఆటలో ఆమెను గట్టుతల్లి అందాం. ఆమె 'నీటి దేవత' కాదు. నీటిని ఆపి ఉంచేది, పగిలేదాన్ని పట్టి ఉంచేది. అందుకే ఆమె క్లెరిక్ గాయం మాన్పగలడు, విరిగిన ఎముక కలపగలడు, ఊగిపోతున్న తలుపును రాత్రంతా నిలపగలడు, పారిపోతున్న సైన్యాన్ని ఒక గడియ ఆపగలడు. అగ్గి కురిపించలేడు. ఏది చేయలేడన్న దాంట్లోనే అతని దేవత ముఖం తెలుస్తుంది.

గాయం మాన్పిన ప్రతిసారీ ఆమెకు ఒక మొక్కు బాకీ. చిన్న గాయానికి గట్టు మీద స్వయంగా ఒక తట్ట మట్టి పోయాలి. ప్రాణాపాయం నుంచి తప్పిస్తే, తొలకరి లోపల నలభై తట్టలు. చావు అంచు నుంచి మనిషిని వెనక్కి లాగితే, ఆ మనిషి ఒక ఏడు గట్టు కాపలా కాయాలి. ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. కత్తి పట్టి తిరిగే మీ యోధుడికి ప్రాణం దక్కింది, కానీ దాని కోసం అతని ఏడాది తాకట్టు పడింది. ఆ మాట ఇచ్చింది క్లెరిక్. కట్టుబడాల్సింది యోధుడు. ఆ రాత్రి వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారో మీరు రాయనవసరం లేదు, వాళ్ళే మాట్లాడుకుంటారు.

లెక్క కావాలంటే సులువైనది ఒకటి ఉంది. తీర్చని మొక్కులను ఆటగాడే కాగితం మీద రాసుకోవాలి. కొత్తగా అడిగిన ప్రతిసారీ ఇరవై ముఖాల పాచిక వేయాలి. తీర్చని మొక్కుల సంఖ్యకు రెట్టింపు గానీ, అంతకంటే తక్కువ గానీ పడితే, ఆమె అడిగింది ఇస్తుంది, కానీ పాత బాకీలో ఒకటి అప్పటికప్పుడు వసూలు చేసుకుంటుంది. ఒక బాకీ ఉంటే ఆ అవకాశం 10 శాతం. మూడుంటే 30. ఐదుంటే సగానికి సగం. శక్తిని మాత్రం ఎప్పుడూ నిరాకరించకండి. ప్రాణం పోతున్న స్నేహితుడి పక్కన కూర్చున్న ఆటగాడికి 'పలకలేదు' అని చెప్పడం క్రూరం. పైగా ఆట అక్కడే ఆగిపోతుంది. 'పలికింది, ఇది అడిగింది' అని చెప్పినప్పుడు కథ ముందుకు కదులుతుంది. నేను నడిపిన మొదటి క్యాంపెయిన్‌లో ఈ తేడా నాకు తెలియలేదు. మూడుసార్లు వరసగా దేవుడు పలకకపోయేసరికి, పూజారి పాత్ర ఆడుతున్న అమ్మాయి ఆ పాత్రను వదిలి దొంగ పాత్ర రాసుకుంది. ఇప్పటికీ ఆ కాగితం నా దగ్గర ఉంది.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఒక మాట అడుగుతాను. కరగ ఊరేగింపు చూశారా? చూడకపోతే ఈసారి చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడి దగ్గరికి వెళ్ళండి. తిగళ కులంవాళ్ళు ద్రౌపదిని ఆదిశక్తిగా కొలుస్తారు. ఎన్నో రోజులు కఠిన నియమాలతో గడిపిన ఒక పురుషుడు, స్త్రీ వేషంలో, పూలతో గోపురంలా కట్టిన కరగను తలమీద మోస్తూ పేట వీధుల్లో తెల్లవారే దాకా నడుస్తాడు. చేత్తో పట్టుకోకూడదు. చుట్టూ వీరకుమారులు కత్తులు దూసి నడుస్తారు. కరగ జారిపడితే ఆ కత్తులే మోసేవాడి మీద పడాలన్నది సంప్రదాయం చెప్పే మాట. ఊరేగింపు కాటన్‌పేటలో మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర తప్పకుండా ఆగుతుంది.

ఒక ఆట నడిపేవాడి కంటితో దీన్ని చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దేవత శక్తి ఒక మనిషి తలమీద ఉంది. అది అతని సొంతం కాదు. కాపాడేవాళ్ళ చేతిలోనే శిక్ష కూడా ఉంది. నడిచే దారి ముందే ఖరారై ఉంది, ఆ దారిలో ఇంకొక మతం గడప కూడా ఉంది. మన కల్పిత ప్రపంచాల్లో మతాల మధ్య యుద్ధం రాయడం అలవాటైపోయింది. కానీ ఒక దేవత ఊరేగింపు ఇంకొకరి గుమ్మం ముందు ఏటా ఎందుకు ఆగుతుందో, ఎన్నడో ఒక ఏడు ఆగకుండా వెళితే ఏమవుతుందో రాస్తే, యుద్ధం కన్నా బలమైన ఘట్టం వస్తుంది. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండుగకు హిందువులు, ముస్లింలు కలిసి మొక్కులు తీర్చుకునే నేల మనది. ఈ కలగలుపు మీ పట్టికలో ఏ గడిలోనూ ఇమడదు.

పద్నాలుగు మందిని ఏం చేయాలంటారా? ఒక్కరిని ఉంచి, ఆ ఒక్కరి భక్తుల మధ్య తగవు పెట్టండి. శ్రీవైష్ణవంలో వడగలై, తెంగలై భేదం విన్నారు కదా. దైవం ఒకరే, నారాయణుడే. కానీ వడగలై వారు మర్కట కిశోర న్యాయం అంటారు: కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం: పిల్లికూనను తల్లే నోట కరుచుకుని మోస్తుంది, కూన చేయాల్సింది ఏమీ లేదు. దీన్ని మీ గట్టుతల్లికి తెచ్చి చూడండి. ఒక శాఖ పూజారులు ప్రతి మంత్రానికీ ఉపవాసం చేస్తారు, మట్టి మోస్తారు, లెక్క రాస్తారు. రెండో శాఖవాళ్ళు ఏ లెక్కా రాయరు. తల్లి ఎప్పుడు ఇస్తుందో వాళ్ళకే తెలియదు, కానీ ఇచ్చినప్పుడు ఏరులా ఇస్తుంది. ఇద్దరి మంత్రాలూ పనిచేస్తాయి. చెరువు నిండిన రాత్రి గట్టు మీద నిలబడి ఈ ఇద్దరూ ఒకరినొకరు నమ్మగలరా? మీ ఆటగాళ్ళు పద్నాలుగు పేర్లు మరిచిపోయారు. ఈ ఇద్దరినీ మరిచిపోరు.

దేవతలు నిజంగా ఉన్నారా అన్న మీ ప్రశ్నకు ఎక్కువ చెప్పను. మంత్రం వేస్తే గాయం మానే లోకంలో 'ఉన్నారా' అన్న సందేహం నిలవదు. 'మన మాట వింటున్నది ఎవరు, ఎందుకు వింటున్నారు' అన్న సందేహం నిలుస్తుంది. దాన్నే ఉంచుకోండి.

దానికన్నా ముఖ్యమైనది లోకం లెక్క. పదివేల జనాభా ఉన్న మీ పట్నంలో రోజుకు ఇద్దరిని మాన్పగల పూజారి ఒక్కడే ఉన్నాడనుకుందాం. ఏడాదికి 730 మంది. మిగతావాళ్ళ సంగతి? గుడి ముందు వరస ఉంటుంది. ఆ వరసలో షావుకారు కొడుకు ముందా, గట్టు మీద కాలు జారిన కూలీ ముందా? వరస చూసేవాడి ఇంటికి రాత్రి ఎవరు బియ్యం బస్తా పంపారు? మీ క్లెరిక్ దారిలో వెళుతూ ఒక బిడ్డను ఊరికే మాన్పితే, మర్నాడు ఆ వీధిలో ఎంతమంది నిలబడతారు? నా ఆటలో ఒకసారి నలుగురు ఆటగాళ్ళు కోట మీద దాడి సంగతి వదిలేసి, మూడు గంటలు ఆ వరసను ఎలా నడపాలో వాదించుకున్నారు. నేను రాసుకున్న కోట పటం ఆ రోజు బయటికే రాలేదు. నాకు ఏ బాధా కలగలేదు.

ఇక మీ స్నేహితురాలు. మీ భయం న్యాయమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 1980లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళు తెచ్చిన దేవతల పుస్తకంలో మన దేవతలను కూడా చేర్చి, హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలకు ప్రాణం పోతుందన్న లెక్క) రాసిపెట్టారు. అంటే తగినంత బలముంటే చంపవచ్చన్నమాట. ఇంట్లో దీపం పెట్టి వచ్చినవాళ్ళకు ఆ పేజీ ఎలా ఉంటుందో రాసినవాళ్ళకు తట్టి ఉండదు. మీకు తట్టింది. కాబట్టి పేర్లు, రూపాలు, మంత్రాలు మన గుళ్ళ నుంచి తీసుకోకండి. మొక్కు, దీక్ష, జాతర, పొలిమేర, ఊరేగింపు దారి లాంటి కట్టడి మాత్రం తీసుకోండి. ఆ కట్టడి మీద మీ సొంత దేవతను నిలపండి. పూనకం విషయంలో ఇంకా జాగ్రత్త. తన ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో పూనకం రావడం చూసి పెరిగిన మనిషి మీ బల్ల దగ్గర ఉండవచ్చు, మీకు చెప్పి ఉండకపోవచ్చు. దాన్ని ఎవరూ నటించి చూపనవసరం లేదు. 'ఆమె గొంతు మారింది, ఇలా చెప్పింది' అని మీరు చెబితే చాలు. కొన్ని బల్లల మీద ఎక్స్ గుర్తు రాసిన కార్డు ఒకటి ఉంచుతారు. ఎవరికి ఇబ్బందైనా దాన్ని తాకితే, కారణం అడగకుండా ఆ ఘట్టం దాటేస్తారు. మీరూ ఒకటి ఉంచండి.

అయితే ఆమె నొచ్చుకుంటుందేమోనని ఆమెకు తెలియకుండా అన్నీ సర్దేయడం కూడా సరికాదు. ఫోను చేసి అడగండి. 'ఊరి దేవతల పద్ధతుల మీద ఒక మతం అల్లుతున్నాను, ఏది ముట్టుకోవద్దంటావు?' అని. భక్తి ఉన్నవాళ్ళకు ఇందులో మనకన్నా ఎక్కువ తెలుసు. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో వేరుశనగల పరిషె జరుగుతుంది కదా. తొలి పంట బసవన్నకు ఇవ్వకపోతే ఆయనే చేలల్లో పడి మేసేవాడన్న కథతో పుట్టిన జాతర. దాని గురించి నాకు మొదట చెప్పింది పూజలు మానని ఒక స్నేహితురాలే. నా ప్రపంచంలో రైతులకు కోపిష్టి దేవుడు ఎందుకు అవసరమో ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పింది: 'కోపం లేనివాడికి వాటా ఎవరు తీసిపెడతారు?'

పద్నాలుగు పేజీలు చింపకండి. సొరుగులో పెట్టండి. ఆట సాగుతుండగా ఎవరో ఒకరు 'ఈ పర్వతం అవతల వాళ్ళు ఎవరికి మొక్కుతారు' అని అడుగుతారు. అప్పుడు ఒక పేజీ తీయండి.

వచ్చే ఆదివారం పాచికలు బయటికి తీయకముందే మీ క్లెరిక్ పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న వేయండి: 'మీ వాడు చిన్నప్పుడు ఆమెకు ఏం మొక్కుకున్నాడు? తీర్చాడా?' అతను కాసేపు ఆలోచిస్తాడు. తొందరపెట్టకండి. ఏం చెబితే అది ఒక చీటీ మీద రాసి, అతని పాచికల పక్కనే ఉంచండి.